యుద్ధం వల్ల సరుకుల కొరత వస్తే ఇల్లు గడిచేలా ముందే ఎలా సిద్ధపడాలి

యుద్ధం మన గుమ్మం దాకా రానక్కర్లేదు. వేల కిలోమీటర్ల అవతల ఓడలు ఆగితే చాలు, మన వంటింట్లో నూనె సీసా ఖరీదు మారిపోతుంది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదకు సైన్యాన్ని పంపింది. అప్పటిదాకా ప్రపంచ ఎగుమతుల్లో సుమారు 30 శాతం గోధుమలు ఆ రెండు దేశాల నుంచే వచ్చేవి. పొద్దుతిరుగుడు నూనె ఎగుమతుల్లో దాదాపు సగం ఒక్క ఉక్రెయిన్‌దే. కొద్ది వారాల్లోనే యూరప్‌లో చాలా సూపర్‌మార్కెట్లు మనిషికి ఇన్ని నూనె సీసాలకు మించి ఇవ్వమని బోర్డులు పెట్టాయి. ఆ నూనె దొరకనివాళ్లు పామాయిల్ వైపు మళ్లారు. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మే 13న భారతదేశం గోధుమల ఎగుమతి ఆపేసింది. ఇలా ఒక సరుకు కొరత ఇంకో సరుకుకు అంటుకుంటూ పోతుంది.

ఇంధనం సంగతీ అంతే. మామూలు రోజుల్లో ప్రపంచం వాడే చమురులో సుమారు ఐదో వంతు హోర్ముజ్ జలసంధి అనే ఒక్క ఇరుకు దారి గుండా వెళ్తుంది. అక్కడ అలజడి రేగితే ముందు డీజిల్, ఆ వెనకే లారీ కిరాయి, ఆ వెనకే లారీలో వచ్చే ప్రతి వస్తువూ పెరుగుతాయి. యూరియా తయారయ్యేది ఎక్కువగా సహజవాయువుతో. అందుకే గ్యాస్ ధర ఇవాళ పెరిగితే దాని దెబ్బ మరుసటి పంట మీద కనిపిస్తుంది.

ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టు కాకుండా, ముందే ఏం చేసిపెట్టుకోవచ్చో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన మాట మొదటే చెప్పేస్తాను. మీరు ఎంత కొన్నారన్న దానికంటే ఎప్పుడు కొన్నారన్నదే పెద్ద విషయం. అరలు నిండుగా ఉన్న రోజుల్లో వారానికి ఒక కిలో అదనంగా కొంటే ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కున్నట్టు కాదు. వార్త వచ్చిన సాయంత్రం పది కిలోలు కొంటే, కచ్చితంగా ఎవరి వాటానో తెచ్చుకున్నట్టే. 1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం మొదలై చమురు సరఫరాకు గండి పడింది. ఆ నవంబరులో జపాన్‌లోని ఒసాకా దగ్గర కాగితం దొరకదన్న పుకారు పుట్టింది. టాయిలెట్ పేపర్ కోసం జనం దుకాణాల ముందు బారులు తీరారు. కాగితం తయారీ ఆగింది లేదు. జనం ఎగబడటం వల్లే అరలు ఖాళీ అయ్యాయి, ఖాళీ అరలు చూసి ఇంకా ఎగబడ్డారు. భయం దానికదే కొరత పుట్టిస్తుంది. ముందే సర్దుకున్న ఇల్లు ఆ రోజు వరుసలో ఒక మనిషిని తగ్గిస్తుంది. అది కూడా చుట్టుపక్కలవాళ్లకు చేసే సాయమే.

ముందు ఒక నోటు పుస్తకం పెట్టండి

ఏదైనా కొనేముందు ఒక నెల రాయండి. ఏ సరుకు ఏ తేదీన విప్పారు, ఏ తేదీన అయిపోయింది, ఇంతే. వంటింటి తలుపుకు ఒక కాగితం అంటించి దారంతో పెన్ను కట్టినా సరిపోతుంది. మా ఇంట్లో ఇలా రాసినప్పుడు ఒక సంగతి తేలింది. బియ్యం లెక్క అందరికీ నోటికొచ్చు. సబ్బు ఎన్నాళ్లు వస్తుందో, అగ్గిపెట్టె ఎన్నాళ్లు వస్తుందో, అమ్మ బీపీ మాత్రల పట్టీ ఏ తేదీకి ఖాళీ అవుతుందో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. కొరత రోజుల్లో మనిషిని ఇబ్బంది పెట్టేవి సరిగ్గా ఇలా లెక్కలోకి రానివే.

ఇంకో లాభం కూడా ఉంది. మీరు రోజూ తినేవేమిటో ఈ కాగితం మొహమాటం లేకుండా చెబుతుంది. ఇంట్లో ఎవరూ ముట్టని డబ్బా ఆహారం, చవకగా వచ్చిందని తెచ్చిన గింజలు కష్టకాలంలో హఠాత్తుగా రుచిగా మారవు. పిల్లలైతే ఆకలేసినా తినరు. తినేదే నిల్వ చేయండి, నిల్వ చేసింది తింటూ ఉండండి.

ఎన్నాళ్లకు సిద్ధపడాలి

ప్రభుత్వాలు చెప్పే లెక్కలు రకరకాలుగా ఉన్నాయి. 2025 మార్చిలో యూరోపియన్ యూనియన్ తన పౌరులు కనీసం 72 గంటలు బయటి సాయం లేకుండా గడపగలగాలంది. స్వీడన్ ఇంటింటికీ పంపిన పుస్తకంలో వారం రోజులు అని ఉంది. జర్మనీ 10 రోజులు అంటుంది. ఈ లెక్కలు కరెంటు పోయినా, దారులు మూసుకుపోయినా సాయం అందేదాకా బతకడానికి వేసినవి.

సరుకుల కొరత తీరు వేరు. అది ఒక్కసారిగా వచ్చి పోయేది కాదు. ఈ వారం నూనె ఉండదు, వచ్చే వారం వస్తుంది, అప్పటికి చక్కెర ఉండదు. నెలల తరబడి ఇలా ఉంటుంది. యుద్ధం ముగిసినా ఆగదు. బ్రిటన్‌లో 1940 జనవరి 8న రేషన్ మొదలైంది, పూర్తిగా ఎత్తేసింది 1954 జూలై 4న. యుద్ధం నడిచినన్నాళ్లూ రేషన్ పెట్టని బ్రెడ్డుకు, యుద్ధం అయిపోయిన ఏడాదికి 1946 జూలైలో పెట్టారు. అందుకని నా సలహా ఇది. నీళ్లు రెండు వారాలకు, ఎండు సరుకులు మొదట నెలకు, వీలుచిక్కితే మూడు నెలలకు, మందులు డాక్టరు ఒప్పుకున్నంత. ఏళ్లకు సరిపడా పోగేయాలని చూడకండి. అంత సరుకు కాపాడటం ఇంట్లో అయ్యే పని కాదు, చివరికి పురుగులపాలవుతుంది.

అప్పు చేసి మాత్రం కొనొద్దు. కొరత కాలంలో చేతిలో డబ్బు లేకపోవడం అర ఖాళీగా ఉండటం కంటే ప్రమాదం. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చచ్చిపోయింది ధాన్యం బొత్తిగా లేక మాత్రమే కాదు, ఉన్న ధాన్యం ధర వాళ్లకు అందనంత పైకి పోవడం వల్ల కూడా. జపాన్ బర్మాను పట్టుకోవడంతో 1942లో అక్కడి బియ్యం ఆగింది. వ్యాపారులు దాచారు, ధర రెక్కలు కట్టుకుని ఎగిరింది, కూలి మాత్రం అక్కడే ఉండిపోయింది. కాబట్టి సరుకుల పక్కనే కొంచెం రొక్కం కూడా పోగవ్వాలి.

నీళ్లు

తిండి లేకుండా మనిషి వారాలు ఉండగలడు, నీళ్లు లేకుండా రోజులే. నీటి సరఫరా నడిచేది కరెంటుతో, శుద్ధి చేసేది క్లోరిన్‌తో. రెంటిలో ఏది ఆగినా కుళాయి ఎండిపోతుంది, లేదా కుళాయిలో వచ్చే నీళ్లను నమ్మలేని స్థితి వస్తుంది.

తాగడానికీ వండుకోవడానికీ మనిషికి రోజుకు 3 లీటర్లు లెక్క వేయండి. ఎండ కాసే చోట, పాలిచ్చే తల్లి ఉన్న ఇంట్లో ఇంకాస్త. నలుగురికి రెండు వారాలకు 168 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు తొమ్మిది. కడుక్కోవడానికి ఇది కాక వేరే కావాలి. సహాయ సంస్థలు శిబిరాల్లో అన్ని అవసరాలకూ కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అంటాయి. అంత నిల్వ చేయడం చాలా ఇళ్లలో కుదరదు. అందుకే తాగే నీళ్లు మూతపెట్టి భద్రంగా, వాడుక నీళ్లు డ్రమ్ముల్లో, ఈ రెండూ వేరువేరుగా ఉంచండి. లీటరు నీళ్లు కిలో బరువు. 200 లీటర్ల డ్రమ్ము నిండితే ముగ్గురు మనుషుల బరువు. దాన్ని పాత బాల్కనీలోనో అటక మీదో పెట్టొద్దు.

మురికి పట్టిన నీళ్లే దిక్కైతే ముందు మందపాటి నూలుగుడ్డలో వడకట్టండి. తర్వాత బుడగలు పైకి తన్నుకొస్తూ తెర్లేదాకా కాచి, ఆపైన ఒక నిమిషం ఉంచండి. రెండు వేల మీటర్ల కంటే ఎత్తున ఉండేవాళ్లు మూడు నిమిషాలు ఉంచాలి. ఇంధనం పొదుపు చేయాలంటే బ్లీచ్ వాడొచ్చు. వాసనలూ రంగులూ కలపని, 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న ద్రవం లీటరుకు రెండు చుక్కలు వేసి కలిపి 30 నిమిషాలు వదిలేయండి. మబ్బుగా ఉన్న నీళ్లకు నాలుగు చుక్కలు. బ్లీచింగ్ పౌడర్ వేరు, దానికి ఈ చుక్కల లెక్క పనికిరాదు. సీసాలోని బ్లీచ్ నెలలు గడిచేకొద్దీ బలం తగ్గిపోతుంది కనుక ఆరు నెలలకోసారి మార్చండి. బాత్‌రూం కడిగే యాసిడ్ దాని దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఏదీ లేకపోతే తేరిన నీళ్లను రంగులేని ప్లాస్టిక్ సీసాల్లో పోసి పూర్తి ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టండి. మబ్బు పట్టిన రోజైతే రెండు రోజులు. ఎండకు క్రిములు చస్తాయి. రసాయనాలు కలిసిన నీళ్లు మాత్రం వీటిలో ఏ పద్ధతికీ బాగుపడవు.

తిండి సరుకులు: ఎంత, ఎలా

సహాయ సంస్థలు మనిషికి రోజుకు సగటున 2,100 కిలోక్యాలరీలు లెక్క కడతాయి. ధాన్యం 400 గ్రాములు, పప్పులు 100 గ్రాములు, నూనె 35 గ్రాములు, చక్కెర 15 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు పెట్టుకుంటే దాదాపు ఆ అంకెకు చేరతాం. నలుగురికి 30 రోజులకు ధాన్యం 48 కిలోలు, పప్పులు 12 కిలోలు, నూనె 4 కిలోల పైచిలుకు, చక్కెర రెండు కిలోల లోపు, ఉప్పు ముప్పాతిక కిలో లోపు. కష్టమైన పని చేసేవాళ్లున్న ఇంట్లో ఇది చాలదు, చిన్నపిల్లలుంటే మిగులుతుంది. మీ నోటు పుస్తకంతో సరిచూసి మార్చుకోండి.

నూనెను చాలామంది తక్కువ అంచనా వేస్తారు. కిలో బియ్యంలో సుమారు 3,500 కిలోక్యాలరీలుంటే కిలో నూనెలో 8,800 పైగా ఉంటాయి. తక్కువ చోటులో ఎక్కువ బలం. పైగా యుద్ధాల్లో త్వరగా కరువయ్యేవాటిలో ఇదీ ఒకటి. కాకపోతే వెలుతురు, వేడి, గాలి మూడూ దానికి పడవు. చేదెక్కుతుంది. పెద్ద డబ్బా ఒకటి కొనే బదులు చిన్నవి నాలుగు కొని, చీకటి అరలో పెట్టి, ఒక్కోటే విప్పండి.

కొనే పద్ధతి చాలా మామూలుది. ప్రతిసారీ సరుకులకు వెళ్లినప్పుడు ఒక్క వస్తువు ఒకటి అదనంగా. ఈసారి పప్పు, వచ్చేసారి నూనె, ఆ తర్వాత సబ్బు. మూడు నాలుగు నెలల్లో నెల సరుకు దానంతట అదే చేరుతుంది, జేబుకూ బరువనిపించదు.

ఇక కాపాడటం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, నేనూ తిన్నాను. మొదటిసారి నిల్వ పెట్టినప్పుడు డబ్బా అడుగున ఓ రెండు మూడు కిలోల పాత బియ్యం ఉండగానే దాని మీద కొత్త బస్తా కుమ్మరించాను. నెలన్నర తర్వాత మూత తీస్తే పైనంతా తెల్లగా, శుభ్రంగా ఉంది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టాను. అడుగున బియ్యం గోరువెచ్చగా తగిలాయి. చెయ్యి బయటికి తీస్తే వేళ్లకు సన్నటి పిండి, ఆ పిండిలో నల్లగా ముక్కుపురుగులు పాకుతున్నాయి. పురుగు గింజకు కన్నం పెట్టి లోపల గుడ్డు పెట్టి ఆ కన్నం మూసేస్తుంది. అందుకే కొన్న రోజున గింజ బాగానే కనిపిస్తుంది, నెల దాటాక లోపలి నుంచి పురుగు బయటికొస్తుంది. పాత బియ్యంలో ఉన్న పదీ పరకా నా కొత్త బస్తా మొత్తానికి ఎక్కాయి.

అప్పటి నుంచి నేను తప్పని వరుస ఇది. డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఎండలో పెట్టి, మూత అంచుల్లో కూడా చెమ్మ లేదనుకున్నాకే కొత్త సరుకు పోస్తాను. ఫ్రీజర్ ఉన్నవాళ్లు గింజలను కొంచెం కొంచెంగా సంచుల్లో కట్టి మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే గింజలకు చెమ్మ పడుతుంది. పెద్ద డబ్బా ఒకటి వద్దు, ఐదు కిలోల చొప్పున చిన్నవి చాలా పెట్టండి. ఒకదానికి పురుగు పడితే పోయేది అదొక్కటే. ప్రతి డబ్బా మీద కొన్న నెల, ఏడాది రాయండి. కొత్తది వెనక, పాతది ముందు. నేల మీద నేరుగా పెట్టకుండా చెక్క పలక వేయండి, గోడకు జానెడు ఎడం ఉంచండి.

దంపుడు బియ్యం, గోధుమపిండి ఆరోగ్యానికి మంచివే గానీ వాటిలోని నూనె వల్ల కొన్ని నెలల్లోనే వాసన పడతాయి. ఎక్కువ కాలం నిలిచేది పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, విడి గోధుమలు. గోధుమలకు మర కావాలి, మరకు కరెంటు కావాలి అని మర్చిపోకండి. చేత్తో తిప్పే మర ఇంట్లో లేకపోతే గోధుమల కంటే బియ్యం మీద, రవ్వ మీద ఆధారపడటం నయం.

అన్నీ ఒకే గదిలో పెట్టొద్దు. 1941 సెప్టెంబరు 8న, జర్మన్ సైన్యం చుట్టుముట్టిన రష్యా నగరం లెనిన్‌గ్రాడ్‌లో బడాయెవ్ అనే ఆహార గోదాములు బాంబు దాడిలో తగలబడ్డాయి, నగరం పెద్ద మొత్తంలో ఆహారం ఒక్క రోజులో పోగొట్టుకుంది. ఆ చలికాలంలో, నవంబరు నుంచి డిసెంబరు చివరి దాకా, పిల్లలకూ ఆధారపడి బతికేవాళ్లకూ రోజు రేషన్ 125 గ్రాముల రొట్టె. అంత పెద్ద విషయం మన ఇంటికి అక్కర్లేదు. వంటింట్లో పైపు పగిలినా, ఎలకలు దూరినా నష్టం ఒకే రకం. రెండు చోట్ల సర్దండి.

పొయ్యి

సరుకులు నిండుగా ఉండి వండుకునే దారి లేకపోతే ఏం లాభం? నా మటుకు నాకు యుద్ధకాలంలో తిండి కంటే ముందు ఇంధనమే కటకట అవుతుందనిపిస్తుంది, ఎందుకంటే అది అన్నిటికంటే ఎక్కువ దూరం నుంచి, అతి ఇరుకు దారుల్లో వస్తుంది. రెండు రకాల పొయ్యిలు ఉంచుకోండి. ఒకటి గ్యాస్‌దైతే రెండోది కరెంటుదో, కట్టెలదో. కట్టెలూ బొగ్గులూ ఆరుబయటే వాడాలి. మూసిన గదిలో బొగ్గు కుంపటి గానీ జనరేటర్ గానీ పెడితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పెట్రోలు డబ్బాలు ఇంట్లో దాచొద్దు. దాని బదులు బండి ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకుంటే చాలు.

ఉన్న ఇంధనాన్ని సాగదీసే ఉపాయం ఒకటి వివరంగా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఇళ్లలో గడ్డి కుక్కిన పెట్టెల్లో వండేవారు. గడ్డి లేకపోయినా మందపాటి దుప్పట్లతో అదే పని అవుతుంది. బియ్యం కడిగి ఒక గంట నానబెట్టండి. మూత గట్టిగా పట్టే దళసరి గిన్నెలో కొలత నీళ్లతో పొయ్యి మీద పెట్టండి. బాగా తెర్లాక ఐదు నిమిషాలు ఉంచి, మూత తీయకుండా దించండి. ఓ అట్టపెట్టెలో దుప్పటి మడిచి పరిచి, గిన్నె మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ పైనా ఇంకో దుప్పటి, తలగడలు ఎక్కడా సందు లేకుండా కుక్కండి. గంట తర్వాత విప్పితే మొదట ఆవిరి మొహానికి కొడుతుంది, మెతుకు మెతుకూ ఉడికి ఉంటుంది. నేను మొదటిసారి చేసినప్పుడు నమ్మకం లేక అరగంటకే మూత తీసి చూశాను. వేడంతా పోయింది, మళ్లీ పొయ్యి ఎక్కించాల్సి వచ్చింది. మీరు ఆగండి. పప్పులకు నానబెట్టడం ఎక్కువ, ఉడికించడం పదిహేను నిమిషాలు, దుప్పట్లో రెండు మూడు గంటలు. రాజ్మా గింజలు మాత్రం ఈ పద్ధతిలో వండొద్దు. పచ్చి రాజ్మాలోని విషపదార్థం పోవాలంటే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, అరగంట గట్టిగా ఉడికించాల్సిందే. వండిన పదార్థం చల్లబడేదాకా పెట్టెలోనే వదిలేయకండి, వేడిగా ఉండగానే తినేయండి.

కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపలివి నాలుగు గంటలు ఆగుతాయి, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది ఒక రోజు. అందుకని ఏం తీయాలో ముందే అనుకుని ఒక్కసారే తీయండి. ముందు ఫ్రిజ్‌లోవి, తర్వాత ఫ్రీజర్‌లోవి, చివరికి ఎండు సరుకులు.

మందులు

ఇంట్లో ఎవరెవరు రోజూ ఏ మాత్ర వేసుకుంటారో ఒక కాగితం మీద రాయండి. మందు అసలు పేరు రాయాలి, కంపెనీ పెట్టిన పేరు కాదు. ఒక కంపెనీది దొరక్కపోతే అదే మందు ఇంకోదాంట్లో అడగడానికి వీలవుతుంది. డాక్టరుతో సూటిగా మాట్లాడి ఒక నెల అదనంగా రాయించుకోండి, మరీ కుదరకపోతే ప్రతిసారీ వారం ముందు కొనండి. మూర్ఛ మందులు, బీపీ మందులు, స్టెరాయిడ్లు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది. దొరకడం కష్టమైతే ఏం చేయాలో ఇవాళే అడిగి రాసుకోండి.

ఇన్సులిన్ తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారేయాల్సిందే. వాడుకలో ఉన్నది చల్లటి గది వేడిలో ఎక్కువ రకాలు నాలుగు వారాలు ఆగుతాయి, మీ డబ్బాలో ఉన్న కాగితం చూసి నిర్ధారించుకోండి. ఫ్రిజ్ ఆడకపోతే మట్టికుండలో ఇసుక పోసి తడిపి, మధ్యలో చిన్న కుండ పెట్టి, అందులో మందును తడి తగలకుండా సంచిలో కట్టి, గాలి ఆడే నీడలో ఉంచొచ్చు. పొడి వాతావరణంలో బాగా పనిచేస్తుంది, ఉక్కగా ఉండేచోట అంతగా కాదు.

నీళ్లు పాడైన రోజుల్లో పిల్లల్ని ముందు కబళించేది విరేచనాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచండి. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు సమంగా గీసిన చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే చిన్న టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం, కంటి కొలత వద్దు. సబ్బును కూడా మందుల జాబితాలోనే రాసుకోండి. అదనపు కళ్లజోడు, నెలసరి ప్యాడ్లు, పసిబిడ్డకు వాడే పాలపొడి, అది కలపడానికి కాచిన నీళ్లు, ఇవన్నీ ఆ కాగితంలోకే రావాలి.

రొక్కం, కబురు

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో కరెంటు మొత్తం పోయింది. అది యుద్ధం కాదు, కానీ కార్డులు పనిచేయక జేబులో నోట్లు ఉన్నవాళ్లే ఏదైనా కొనుక్కోగలిగారు. వారం ఖర్చుకు సరిపడా చిన్న నోట్లు ఇంట్లో ఉంచండి. పెద్ద నోటుకు చిల్లర ఇచ్చేవాడు ఆ రోజు దొరకడు. బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి, దానికి సరిపోయే బ్యాటరీలు, ఫోన్‌కు పవర్ బ్యాంకు, ముఖ్యమైన నంబర్లు కాగితం మీద. ఫలానాది రేపటి నుంచి దొరకదట అని ఫోన్‌కు వచ్చే కబురును ఇంకొకరికి పంపకండి. ఒసాకాలో జరిగింది గుర్తుంచుకోండి.

పెరడు లేకపోయినా నాలుగు కుండీలు

నాలుగు కుండీలు ఇంటి కడుపు నింపవు. కానీ నెలల తరబడి గింజలే తిని బతికే ఇంటికి ఆకుకూర దొరకడం చిన్న విషయం కాదు. 1992 నుంచి 1996 దాకా ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సరయేవోలో జనం బాల్కనీల్లో, ఖాళీ జాగాల్లో కూరగాయలు పెంచుకున్నారు. నెల రోజుల్లో కోతకొచ్చే ఆకుకూరలతో మొదలుపెట్టండి. విత్తనం ఇప్పుడే వేసి చూడండి, ఎందుకంటే మొదటిసారి ఎవరికీ సరిగా రాదు. అంతకన్నా తేలిక మొలకలు. పప్పుగింజలు నానబెట్టి గుడ్డలో కడితే రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి, ఎండు గింజలో దాదాపు లేని సి విటమిన్ మొలకలో వస్తుంది.

ఒక రోజు ఆడి చూడండి

ఇదంతా సర్దుకున్నాక ఒక సెలవు రోజు చూసుకుని, పొద్దున్నుంచి రాత్రి దాకా మెయిన్ స్విచ్చి ఆపేసి, కుళాయి కట్టేసి, నిల్వ పెట్టినవాటితోనే గడపండి. మేం చేసిన రోజున మధ్యాహ్నం రెండింటికల్లా నాలుగు లోపాలు బయటపడ్డాయి. డబ్బా ఆహారం ఉంది, డబ్బా తెరిచే పరికరం లేదు. టార్చిలైటు ఉంది, బ్యాటరీలు లోపలి రసం కారి పాడైపోయాయి. క్యాను వంచి చేతులు కడుక్కోవడంతో పొద్దుటికే ఐదారు లీటర్లు నేలపాలయ్యాయి, ఆ సాయంత్రమే దానికి చిన్న కుళాయి బిగించాను. నాలుగోది మేం ఊహించనిది. పక్కింటి పెద్దాయన ఒంటరిగా ఉంటారు. మా ఇంట్లో కరెంటు లేదని తెలిసి పలకరించడానికి వచ్చారు. సంగతి విని, "మరి నా గుండె మాత్రలు ఎవరు తెస్తారమ్మా?" అన్నారు. మా మందుల కాగితంలో ఆయన మందుల పేర్లు కూడా రాసుకున్నాం. ఆయన వాకిట్లో చేతిపంపు ఉంది, దానికి కొత్త వాషర్ వేయించి నీళ్లు పరీక్షకు ఇచ్చాం.

ఇలాంటి రోజును ఆరు నెలలకోసారి క్యాలెండర్లో రాసుకోండి. అదే రోజున బ్లీచ్ మార్చడం, తాగునీటి క్యాన్లు ఖాళీ చేసి నింపడం, డబ్బాల మీద తేదీలు చూసి పాతవి వంటింట్లోకి తేవడం, మందుల గడువు చూడటం కూడా అయిపోతాయి.